హక్కు తేలితేనే బేరం

లండన్ రోటి తగాదా నుంచి గోదావరి డెల్టా కౌలు దాకా: చట్టం గీసిన గీత మీద మనుషులు ఆడే బేరాల కథ

లండన్‌లో విగ్మోర్ వీధిలో ఒక మిఠాయి వ్యాపారి ఉండేవాడు. వంటగది ఇంటి వెనక భాగంలో. అక్కడ రెండు పెద్ద రోళ్లు. ఒకటి అరవై ఏళ్లకు పైగా, రెండోది ఇరవై ఆరేళ్లకు పైగా అదే చోట ఉన్నాయి. రోకలి పడిన ప్రతిసారీ గోడ అదిరేది. ఇన్నేళ్లలో ఎవరూ కిమ్మనలేదు. గోడ అవతల ఉన్నది పక్క వీధి ఇంటివాళ్ల పెరడు.

1865లో ఆ పక్క వీధి ఇంట్లోకి ఒక వైద్యుడు వచ్చాడు. ఎనిమిదేళ్లు ఆయనకూ ఏ ఇబ్బందీ లేదు. తర్వాత పెరటి చివర, సరిగ్గా ఆ వంటగది గోడకు ఆనించి, రోగులను చూసే గది కట్టుకున్నాడు. తగాదా అక్కడ మొదలైంది. రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి చప్పుడు వినాలి. గోడ అవతల రోకటి పోటు పడుతుంటే ఇక వినబడేదేమిటి? వైద్యుడు కోర్టుకెక్కాడు.

ముందు నుంచీ ఉన్నది నేను, గది తెచ్చి గోడకు ఆనించింది ఆయన. మిఠాయి వ్యాపారి వాదన సారాంశం ఇదే. ఇరవై ఏళ్లు నిరాటంకంగా అనుభవిస్తే హక్కు స్థిరపడుతుందన్న సూత్రం ఇంగ్లండులో ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం అదే సూత్రాన్ని మన దేశంలోనూ రాసింది. పొలం దారి తగాదాల్లో మన ప్లీడర్లు ఇప్పటికీ పట్టుకునేది దాన్నే. కానీ కోర్టు వ్యాపారి మాట వినలేదు. గది కట్టకముందు ఆ చప్పుడు వల్ల ఎవరికీ హాని లేదు, హాని లేనప్పుడు అభ్యంతరం చెప్పే వీలూ లేదు, కాబట్టి ఆ పాత ఏళ్లు లెక్కలోకి రావంది. 1879లో అప్పీలు కోర్టు వైద్యుడి పక్షాన తీర్పు ఇచ్చింది. రోళ్లు ఆగాలి.

న్యాయశాస్త్రంలో స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మాన్ అనే పేరుతో నిలిచిపోయిన కేసు ఇది. ఎవరికి వినిపించినా ఏదో ఒక పక్షం తీసుకుంటారు. ముందున్నవాడిని వెనకొచ్చినవాడు వెళ్లగొట్టడమేమిటని కొందరు, రోగి ప్రాణం కన్నా మిఠాయి ఎక్కువా అని కొందరు. ఎనభై ఏళ్ల తర్వాత ఒక ఆర్థికవేత్త ఈ కేసునే తీసి, ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. తీర్పు వచ్చాక వీళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఏమయ్యేది?

కోస్ వేసిన లెక్క

ఆయన పేరు రోనాల్డ్ కోస్. 1910లో లండన్ శివారులో పుట్టాడు. తండ్రి తపాలా శాఖలో టెలిగ్రాఫ్ ఉద్యోగి. చిన్నప్పుడు కాళ్లలో బలం లేక ఇనుప పట్టీలు కట్టుకుని నడిచిన పిల్లవాడు. పెద్దయ్యాక అమెరికా వెళ్లి, 1959లో రేడియో తరంగాల గురించి ఒక వ్యాసం రాశాడు. తరంగాలను ప్రభుత్వం తనకు నచ్చినవాళ్లకు పంచిపెట్టడం ఎందుకు, హక్కుగా నిర్ణయించి అమ్మితే సరిపోతుంది కదా అన్నాడు. షికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలకు ఆ వ్యాసంలో ఒక తర్కం మింగుడు పడలేదు. రమ్మని పిలిచారు. ఆరన్ డైరెక్టర్ ఇంట్లో రాత్రి భోజనం దగ్గర ఇరవై మందికి పైగా కూర్చున్నారు. వాళ్లలో మిల్టన్ ఫ్రీడ్‌మన్, జార్జ్ స్టిగ్లర్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత నోబెల్ వచ్చింది. మొదట ఓటింగ్ పెడితే కోస్ వైపు ఒక్క ఓటు, ఎదురుగా ఇరవై. ఆ ఒక్కటీ ఆయనదే. రెండు గంటల వాదన తర్వాత ఇరవై ఒక్క ఓట్లూ ఆయనకే పడ్డాయని స్టిగ్లర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ రాత్రి మాట్లాడిందే విస్తరించి కోస్ ప్రచురించిన వ్యాసానికి, దానికి ముందు 1937లో కంపెనీల గురించి రాసిన మరో వ్యాసానికి కలిపి 1991లో ఆయనకూ నోబెల్ ఇచ్చారు. 102 ఏళ్లు బతికి 2013లో కన్నుమూశాడు.

ఆయన చెప్పింది వినడానికి తేలికే, ఒంటబట్టడానికే టైం పడుతుంది. హాని అనేది ఒకవైపు నుంచే వస్తుందని మనం అనుకుంటాం. రోలు నడిస్తే వైద్యుడికి నష్టం. నిజమే. ఆపితే మిఠాయి వ్యాపారికి నష్టం. అదీ నిజమే. హాని రెండు వైపులా ఉంది. ఒకరిని కాపాడటమంటే ఇంకొకరిని దెబ్బతీయడమే. కాబట్టి తేల్చాల్సింది ఎవరి తప్పు అని కాదు, ఏ నష్టం పెద్దది అని.

లెక్క కోసం అంకెలు అనుకుందాం. ప్రశాంతత వల్ల వైద్యుడికి వంద పౌండ్ల లాభం. రోళ్లను ఇంకోచోటికి మార్చడానికి వ్యాపారికి అరవై పౌండ్ల ఖర్చు. హక్కు వైద్యుడిదని కోర్టు అంటే, వ్యాపారి అరవై పెట్టి రోళ్లు మారుస్తాడు. హక్కు వ్యాపారిదని అంటే వైద్యుడే గోడ దాటి వెళ్లి, ఎనభై ఇస్తాను మార్చుకోండి అంటాడు. వ్యాపారికి ఇరవై మిగులు, వైద్యుడికీ ఇరవై మిగులు. అంటే తీర్పు ఎటు వచ్చినా రోళ్లు కదులుతాయి. అంకెలు తిరగేసి చూడండి, తీర్పు ఎటు వచ్చినా రోళ్లు కదలవు. బేరానికి ఖర్చు లేని లోకంలో రోలు ఎక్కడుంటుందన్నది న్యాయమూర్తి చేతిలో లేదు. డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళుతుందన్నదే ఆయన చేతిలో ఉంది.

దీనికి కోస్ సిద్ధాంతం అని పేరు పెట్టింది స్టిగ్లర్. పేరు పెట్టిన దగ్గర్నుంచీ దాన్ని అడ్డదిడ్డంగా వాడుకున్నవాళ్లే ఎక్కువ. హక్కు ఎవరికిచ్చినా ఒకటే, ప్రభుత్వం తప్పుకుంటే మనుషులే సర్దుకుంటారని ఒక వర్గం దాన్ని జెండాగా ఎత్తింది. కోస్ రాసింది అది కాదు. బేరానికి ఖర్చు లేని లోకం ఎక్కడా లేదని ఆయన జీవితాంతం మొత్తుకున్నాడు. అవతలివాడెవరో వెతకాలి, మాట కలపాలి, లెక్క తేల్చాలి, కాగితం రాయాలి, రేపు మాట తప్పితే పట్టుకోవాలి. వీటన్నిటికీ ఖర్చుంది. ఆ ఖర్చు ఉన్నచోట చట్టం హక్కు ఎవరి చేతిలో పెట్టిందన్నది జీవితాలను తారుమారు చేస్తుంది. ఆయన వ్యాసాన్ని శ్రద్ధగా చదివితే మిగిలే పాఠం ఇదేనని నా గట్టి నమ్మకం.

బందెలదొడ్డి, షాస్టా

కోస్ తన వ్యాసంలో ఎక్కువ సేపు నిలిచిన ఉదాహరణ రోలు కాదు, చేలో పడ్డ పశువులు. పక్కపక్కనే ఒక పశువుల పెంపకందారు, ఒక పంట రైతు. మంద పెరిగేకొద్దీ పంట నష్టం పెరుగుతుంది. కంచె ఎవరు వేయాలి?

ఇది మన ఊళ్లకు తెలియని ప్రశ్నా? 1871లో తెల్లదొరల ప్రభుత్వం పశువుల అతిక్రమణ చట్టం తెచ్చింది. చేలో పడ్డ గొడ్డును రైతు పట్టుకోవచ్చు, ఇరవై నాలుగు గంటల్లో బందెలదొడ్డికి తోలాలి. పశువు యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఆ జరిమానా సర్కారుది. పంట పోయినవాడికి నష్టపరిహారం కావాలంటే వేరే దావా వేసుకోవాలి. ఎకరం మినుము చేను కోసం మున్సిఫ్ కోర్టు మెట్లు ఎక్కేదెవరు? అందుకే చాలా చోట్ల గొడ్డు బందెలదొడ్డి దాకా వెళ్లకుండానే మాట తేలిపోయేది. పెద్దమనుషులు చేను చూసి, ఇన్ని కుంచాల నష్టమని చెప్పేవారు, ఇచ్చేసేవారు. చట్టం ఒకటి, ఊరి నడత ఇంకొకటి.

సరిగ్గా ఇదే విషయాన్ని కాలిఫోర్నియాలో రాబర్ట్ ఎలిక్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు పట్టుకున్నాడు. షాస్టా కౌంటీలో కొన్ని ప్రాంతాల్లో పశువులు తిరిగి పంట మేస్తే యజమానిదే బాధ్యత, మిగతా ప్రాంతాల్లో చాలావరకు కాదు. కోస్ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. 1980ల్లో ఆయన అక్కడికెళ్లి పశుక్షేత్రాల యజమానులతో మాట్లాడాడు. చట్టం ఎటున్నా వాళ్లు ఒకే రకంగా నడుచుకుంటున్నారు. కానీ కోస్ ఊహించినట్టు హక్కును లెక్కగట్టి, దాని చుట్టూ బేరమాడి కాదు. చట్టం ఏమంటుందో వాళ్లలో చాలామందికి సరిగా తెలియనే తెలియదు. ఇరుగు పొరుగు మంచి చెడ్డల పద్దు మనసులోనే నడుస్తుంది. నా ఆవు మీ గడ్డి మేసింది, నిరుడు మీ దూడను నేను వారం రోజులు మేపాను, చెల్లుకు చెల్లు. పద్దు మరీ ఒకవైపు మొగ్గితే ముందు మాట, తర్వాత ఊళ్లో నలుగురి నోటా చెడ్డపేరు. కోర్టు ఆఖరి మెట్టు. 1991లో ఆయన దీన్ని పుస్తకంగా తెచ్చాడు.

ఈ పుస్తకం గురించి తెలిసినప్పుడు మన పెద్దమనుషుల పంచాయితీ గుర్తొచ్చి పొంగిపోవడం సులువు. అక్కడే ఆగి ఆలోచించాలి. షాస్టాలో పశుక్షేత్రాల యజమానులు ఇంచుమించు సమానులు. రేపూ ఎల్లుండీ ఒకరి అవసరం ఒకరికి పడేవాళ్లు. మన రచ్చబండ అరుగు మీద అందరూ కూర్చోలేదు. కొందరు కింద నిలబడి చేతులు కట్టుకుని విన్నారు. వాళ్ల చేను మేసిన గొడ్డు ఎవరిదన్న దాన్ని బట్టి నష్టం కొలత మారేది. సమానులు కానివాళ్ల మధ్య ఊరి కట్టుబాటు బేరాన్ని కాదు, లొంగుబాటును పుట్టిస్తుంది. అలాంటి చోట రాతపూర్వక హక్కు ఒక్కటే కింద నిలబడ్డవాడిని అరుగు మీదికి తెస్తుంది.

తీర్పు తర్వాత

మరి కోర్టు దాకా వెళ్లినవాళ్లు? వార్డ్ ఫార్న్స్‌వర్త్ అనే పరిశోధకుడు 1999లో ఒక చిన్న, గొప్ప పని చేశాడు. ఇరుగుపొరుగు ఇబ్బంది కేసులు ఇరవై ఏరుకుని, తుది తీర్పు వచ్చాక కక్షిదారులు ఏమైనా బేరమాడారా అని వాళ్ల లాయర్లను అడిగాడు. ఒక్క కేసులోనూ లేదు. కారణం రెండు మాటల్లో తేలింది. ఒకటి, కేసు నడిచే సరికి మొహమొహాలు చూసుకునే స్థితి పోయింది. రెండు, గెలిచినవాడికి తన హక్కును డబ్బుకు అమ్మడం అనే ఆలోచనే నచ్చలేదు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. కాగితం మీద లాభసాటిగా కనిపించే ఒప్పందం, పౌరుషం ఎక్కిన మనిషి చేతిలో నిలవదు. చేతికొచ్చినదాని మీద మమకారమూ తక్కువది కాదు. 1990లో కానేమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు విద్యార్థుల్లో సగం మందికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి సంత పెట్టించారు. కప్పు దొరికినవాళ్లు అడిగిన ధర, దొరకనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు. క్షణం కిందట చేతికొచ్చిన కప్పు దగ్గరే ఇంత ఉంటే, తాత దున్నిన పొలం సంగతి చెప్పనక్కర్లేదు.

మనుషులు ఇద్దరు కాక ఎక్కువమంది అయినప్పుడు బేరం ఇంకా కష్టం. ఆల్బనీ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముతో చుట్టుపక్కల కొద్దిమంది ఇళ్లవాళ్లు నానా అవస్థలు పడ్డారు. 1970లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు తప్పు ఫ్యాక్టరీదే అంది, మూసేయమని మాత్రం శాశ్వతంగా ఆజ్ఞాపించలేదు. 4 కోట్ల 50 లక్షల డాలర్ల ఫ్యాక్టరీ, మూడు వందలకు పైగా ఉద్యోగాలు ఒకవైపు, లక్షా ఎనభై అయిదు వేల డాలర్ల నష్టం ఇంకోవైపు. శాశ్వత నష్టపరిహారం కట్టి నడుపుకోమంది. అంటే అమ్మాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఇంటివాళ్లకు దక్కలేదు, ధర మాత్రం దక్కింది. రెండేళ్ల తర్వాత కాలబ్రేసీ, మెలమెడ్ అనే ఇద్దరు ఈ తేడానే ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. నీ సమ్మతి లేకుండా ఎవరూ తీసుకోలేని హక్కు ఒక రకం. ఎవరో కట్టిన ధర పడేసి తీసుకెళ్లగలిగే హక్కు ఇంకో రకం. కాగితం మీద రెండూ నీ ఆస్తే. బేరంలో నీ బలం మాత్రం వేరు.

ఒహైయోలోని చెషైర్ అనే చిన్న ఊళ్లో మొదటి రకానికి దగ్గరగా జరిగింది. పక్కనే ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి గంధకపు మేఘాలు ఊరి మీదికి దిగుతుంటే, 2002లో కంపెనీ దాదాపు 2 కోట్ల డాలర్లకు దాదాపు ఊరంతా కొనేసింది. జనం ఇకపై దావా వేయబోమని సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. కొద్దిమంది వృద్ధులు మాత్రం ఆ డబ్బు మాకొద్దని అక్కడే ఉండిపోయారు.

కృష్ణ ఒడ్డున

మన దగ్గర ఇంతకన్నా పెద్ద బేరం జరిగింది. భూ సేకరణకు 2013 చట్టం ఉంది. పల్లెల్లో మార్కెట్ విలువకు నాలుగు రెట్ల దాకా పరిహారం ఇవ్వాలి. అయినా అది ధర కట్టి తీసుకునే పద్ధతే. దానికి బదులు కొత్త రాజధాని అమరావతి కోసం 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూ సమీకరణ అనే దారి పట్టింది. ముప్ఫై మూడు వేల ఎకరాలకు పైగా పట్టా భూమి 29 గ్రామాల రైతుల సంతకాలతో వచ్చింది. భూమికి ధరగా ఒక్క రూపాయి నగదు చేతులు మారలేదు. ఎకరం మెట్టకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకు వెయ్యి, 450. పదేళ్లపాటు ఏడాదికి మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా కొంత పెంపు. ఆ డబ్బును ఊళ్లలో కౌలు అనే పిలుస్తారు.

జరీబు అంటే కృష్ణ పక్కన, నీళ్లు చేతికందే లోతులో ఉండి, ఏడాది పొడవునా అరటి, కూరగాయలు, పూలు పండే నేల. దాని విలువ దాని రైతుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఉండవల్లి, పెనుమాక వైపు చాలామంది సమీకరణకు ససేమిరా అన్నారు. వాళ్లను అభివృద్ధికి అడ్డుపడ్డవాళ్లుగా చూపించడం తప్పని నేను అంటాను. నా నేలకు మీ ప్లాటు సాటి రాదని చెప్పగలగడమే హక్కు. ఒప్పుకున్నవాళ్ల సమ్మతికి విలువ ఇచ్చేది కూడా కాదనగలిగే ఆ వీలే. వెనక భూ సేకరణ కత్తి వేలాడుతుంటే ఆ సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛ అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆ బేరంలో అసలు లోటు తర్వాత బయటపడింది. రైతు ఇచ్చింది ఆ రోజే ఇచ్చాడు. ప్రభుత్వం ఇవ్వాల్సింది మాత్రం రేపటి నగరం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చేసరికి రేపు ఎటు పోతుందో తెలియని స్థితి. చదును చేయని, రోడ్డు పడని ప్లాటు కాగితం చేతిలో పట్టుకుని మందడం, తుళ్లూరు శిబిరాల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి కూర్చున్నారు. రైతులతో చేసుకున్న ఒప్పందానికి ప్రభుత్వం కట్టుబడాల్సిందేనని 2022 మార్చి 3న హైకోర్టు చెప్పింది. గడువులు పెట్టిన ఆదేశాల మీద అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ప్రభుత్వం మారాక 2025 మేలో పనులకు మళ్లీ శంకుస్థాపన జరిగింది. మధ్యలో పోయిన ఏళ్లకు ధర ఏ ప్యాకేజీలోనూ లేదు.

బలమైనవాడు మాట తప్పితే ఏమిటన్నది బేరం రోజే రాసుకోవాలి. ఆలస్యానికి ఏటా ఇంత, ఒప్పందం తప్పితే భూమి వెనక్కి అన్న షరతులు లేని సమీకరణ పత్రం మీద ఇక ముందు ఏ ఊళ్లోనూ ఏ రైతూ సంతకం పెట్టకూడదు.

అదే ఊళ్లలో ఇంకో రెండు రకాల మనుషులు ఉన్నారు. ఆ పొలాల్లో కూలి చేసుకుని బతికినవాళ్లకు నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. ప్లాటు లేదు. కౌలుకు దున్నినవాళ్లకు ప్లాటులో వాటా లేదు. జీవనం అందరిదీ పోయింది. బేరానికి పిలుపు మాత్రం పట్టా ఉన్నవాళ్లకే వచ్చింది.

ఎవరికీ దక్కని డబ్బు

హక్కు మసకగా ఉంటే ఏమవుతుందో చూడాలంటే కౌలును మించిన ఉదాహరణ తెలుగు నేల మీద లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దున్నేది చాలా చోట్ల కౌలురైతు. భూమి యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. ఇద్దరి మధ్య కాగితం ఉండదు. ఎకరానికి ఇన్ని బస్తాలు అన్న నోటిమాటే.

కాగితం లేకపోవడానికి చరిత్ర ఉంది. తెలంగాణలో 1950 నాటి కౌలు చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది, 38-ఇ సర్టిఫికెట్లతో వాళ్లను భూమికి హక్కుదారులను చేసింది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చిన చట్టం కౌలుదారుకు గట్టి రక్షణలు రాసింది. ఆ చట్టాల ఉద్దేశం గొప్పది, దాన్ని తక్కువ చేయను. కానీ కాగితం రాస్తే పొలం పోతుందన్న భయం యజమానుల్లో అప్పుడు నాటుకున్నది ఇప్పటికీ పోలేదు. కౌలు కాగితం నుంచి నోటికి దిగింది.

2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం తెచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల కార్డు పెట్టింది. ఆ కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలంది. ఆ ఒక్క సంతకం దగ్గర మొత్తం ఆగిపోయింది. ఏ డెల్టా ఊళ్లోనైనా తొలకరికి ముందు ఫోన్లో నడిచే మాటలు ఇవి.

“అయ్యగారండీ, ఆ కార్డు మీద తమరొక్క సంతకం ఎడితే బ్యాంకోళ్లు లోనిత్తారంటండి.”

“కాగితాలూ గీగితాలూ మనకెందుకురా. చేసుకుంటే చేసుకో, లేదంటే అడిగేవాళ్లు బోల్డుమంది ఉన్నారు.”

“అబ్బే, అదేం లేదండి. తమరెలాగంటే అలాగేనండి.”

దీని ఖరీదు ఎంతో లెక్క కట్టొచ్చు. పంట పెట్టుబడికి లక్ష రూపాయలు కావాలి. ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు పద్దెనిమిది వేలు. బ్యాంకులో పంట రుణం వడ్డీ ఏడాదికి ఏడు శాతం, గడువులోగా తీర్చేస్తే నాలుగు. ఏడే అనుకున్నా ఆరు నెలలకు మూడున్నర వేలు. తేడా పద్నాలుగున్నర వేలు. ఆ డబ్బు కౌలురైతుకు మిగలడం లేదు, యజమాని చేతికీ రావడం లేదు. వడ్డీవ్యాపారి పట్టుకుపోతున్నాడు. వరదకు పంట పోతే సాయం, బీమా చేతికందడమూ అంతే కష్టం. సంతకం పెడితే కౌలులో మరో బస్తా ఇచ్చినా కౌలురైతుకు లాభమే. కోస్ లెక్క ప్రకారం ఈ బేరం ఈపాటికి కుదిరిపోయి ఉండాలి. కుదరడం లేదంటే అడ్డం పడుతున్నది డబ్బు కాదు, భయం.

తెలంగాణలో 2018 నుంచి రైతుబంధు సాయం పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఖాతాలో పడింది. ఎవరి ఖాతాలో పడితేనేం, కౌలు రేటు తగ్గి సర్దుకుంటుంది కదా అని వాదించవచ్చు. భూమి కొంచెం, కౌలుకు అడిగేవాళ్లు ఎక్కువ ఉన్నచోట అలా తగ్గదు. కౌలురైతుకు నేరుగా ఇచ్చినా, కాగితం లేకపోతే వచ్చే ఏడు కౌలు పెంచి లాక్కోవచ్చు. డబ్బు బేరంలో బలం ఉన్నవైపు జారుతుంది. కాబట్టి సాయం ఎవరికన్న చర్చ కన్నా, దున్నేవాడి పేరు రికార్డులోకి ఎక్కించడం ముందు పని.

దానికి యజమాని సంతకం షరతు తీసేయాలి. ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు, పొలానికి వచ్చి పంట నమోదు చేసే ఉద్యోగికీ తెలుసు. 2011 చట్టం సంతకం అడగలేదు. నమోదు దానంతటదే జరగాలి, అభ్యంతరం ఉన్న యజమాని వచ్చి చెప్పుకోవాలి. అభ్యంతరం చెప్పడం హైదరాబాదులో ఉన్న యజమానికి ఒక ఫోను పని. సంతకం అడగడం కౌలురైతుకు వచ్చే ఏటి సాగును పణంగా పెట్టడం. బేరం ఎవరికి ఎక్కువ ఖర్చో వాళ్ల చేతిలో హక్కు పెట్టాలన్నదే కోస్ చదువులోంచి నేను తీసుకున్న నీతి.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. పొలం కౌలుకిచ్చి దూరాన ఉంటున్న పాఠకులకు ఇది నా మనవి. ఆ కార్డు మీద సంతకం పెట్టండి. పదకొండు నెలలకు దాని గడువు తీరిపోతుంది. దానితో మీ భూమి మీద ఎవరికీ యాజమాన్య హక్కు రాదని 2019 చట్టమే రాసింది. మీరు పెట్టే సంతకానికి మీకు ఖర్చేమీ లేదు. మీ పొలంలో దున్నేవాడికి దాని విలువ ఒక్క పంటకే పద్నాలుగున్నర వేలు.